కల్వకుర్తికి వచ్చిన సముద్రం

సముద్రపు చేపల వేట నేర్పాలంటే అక్కడ సముద్రం ఉండకూడదు! ఈ మాట నేను తాగి అనడం లేదు. కల్వకుర్తిలో ఒక ఫంక్షన్ హాల్లో మూడు రోజులు శిక్షణ పొంది, మెడలో కార్డు వేసుకుని మరీ అంటున్నాను.

సరదాగా గాలం వేయడానికి వచ్చే టూరిస్టులకు దారి చూపేవాడిని ఫిషింగ్ గైడ్ అంటారట. తీరప్రాంతాల కోసం తయారుచేసిన ఆ కోర్సును పెద్దలు మనకూ పంపించారు. కొందరు అజ్ఞానులు నవ్వారు. ఎందుకండీ నవ్వడం? సముద్రం పక్కనుంటే బట్టలు తడుస్తాయి, ఉప్పుగాలికి జుట్టు పాడవుతుంది, అలల చప్పుడులో పాఠం వినపడదు. కల్వకుర్తిలో ఆ బాధ ఉందా? ఏసీ చల్లగా ఉంది, బగారన్నం వేడిగా ఉంది!

పాఠం చెప్పడానికి తీరం నుంచి స్నేహలత మేడం వచ్చారు. అలలు ఎలా ఉంటాయో తెలియాలని నలుగురం జంపఖానా అంచులు పట్టి ఊపాం. మధ్యలో మాతోపాటు శిక్షణకొచ్చిన విజేందర్‌ను కూర్చోబెట్టాం. "జర ఆపుండ్రి, కడుపుల తిప్పుతాంది!" అని అరిచాడు. అప్పటికి రెండు ప్లేట్ల బగారన్నం తిని ఉన్నాడు లెండి. మేడం మాత్రం సంతోషించి, సీ సిక్‌నెస్ పాఠం పూర్తయిందని టిక్కు పెట్టుకున్నారు.

మా బ్యాచ్‌లోనే ఉన్న మోత్కూర్ ఉమారాణి ఆటుపోట్ల పట్టిక మొత్తం అప్పజెప్పింది. వాళ్ల వాడలో నల్లా ఎప్పుడొస్తుందో ఆమెకు తెలియదు గానీ, సముద్రానికి పోటు ఎప్పుడొస్తుందో నిమిషాలతో సహా చెబుతుంది. ఇది ప్రగతి కాదా?

ఫెయిలైంది ఒక్కడే. కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున ఉండే బుచ్చయ్య. నలభై ఏళ్లుగా వెదురుతో అల్లిన గుండ్రటి పుట్టిలో చేపలు పడుతున్నాడు. ఈమధ్య టూరిస్టులను తిప్పడమే ఇంటికి ఆసరా. ఇకమీదట కార్డు లేనివాడు ఎవరినీ తిప్పకూడదన్నారు. పాపం, ఫారంలో పడవ ముందు భాగం ఫొటో, వెనుక భాగం ఫొటో అడిగితే రెండుచోట్లా ఒకటే ఫొటో అంటించాడు.

"పుట్టికి ముందేంది సారూ, ఎనకేంది? నేను ఎటు మల్లి కూసుంటే గదే ముందు!" అన్నాడు.

తనిఖీకి వచ్చిన సారు దయగలవాడు. ముందు ఎటో తెలిసేలా బాణం గుర్తు వేసుకొమ్మన్నాడు. బుచ్చయ్య ఎర్రరంగుతో ఇంత పెద్ద బాణం వేశాడు. నీళ్లలో దిగిన పుట్టి గిరగిరా తిరగకుండా ఉంటుందా? ఒడ్డుకు చేరేసరికి బాణం వచ్చిన దారివైపు చూస్తోంది. 'అభ్యర్థి పడవను రివర్స్‌లో నడిపాడు' అని రాసి కార్డు ఆపేశారు. రూలంటే రూలే మరి!

నేనేమో ఫస్ట్ క్లాస్. నాకు ఈత రాదు, వానపామును చూస్తే వాంతి. అయితేనేం, పుస్తకంలోని పడవ బొమ్మలో ముందూ వెనకా సరిగ్గా గుర్తించాను.

నా మొదటి గిరాకీ హైదరాబాద్ నుంచి వచ్చిన భార్యాభర్తలు, డానిష్, నౌరీన్. పొద్దున ఏడింటికే వాళ్లను కృష్ణ ఒడ్డున కూర్చోబెట్టి, పోటు వచ్చాకే చేప కొరుకుతుందని చెప్పాను. పన్నెండయింది. "అంకుల్, కృష్ణకు పోటు ఎన్నింటికొస్తది?" అని నౌరీన్ అడిగింది. పట్టిక పైనుంచి కిందిదాకా వెతికాను. కృష్ణ లేదు.

పక్కనే వల బాగుచేసుకుంటున్న బుచ్చయ్య ఉండబట్టలేకపోయాడు. "గా తుంగ పక్కకు పోవాలె సారూ. కొర్రమట్టలు గాడుంటయి. నేనే తీస్కపోదును గానీ, కార్డు లేదాయె."

నిజం చెబుతున్నాను, నాకు సిగ్గేసింది. వెంటనే రూల్స్ పుస్తకం తిరగేశాను. గైడ్ ఏ పడవనైనా కిరాయికి తీసుకోవచ్చు. ముగ్గురు టూరిస్టులను ఎక్కించుకోవచ్చు. టూరిస్టు సరదాపడి తెడ్డు వేస్తే తప్పులేదు! రిజిస్టర్ తెరిచి మూడో టూరిస్టుగా బుచ్చయ్య పేరు రాశాను. ఏ పని మీద వచ్చారన్నచోట 'విహారం' అని పెట్టాను. ఆయన వల పక్కన పెట్టి సంతకం చేశాడు.

ఒడ్డునే ఉన్న ఆయన భార్య సుక్కమ్మ ఊరుకుంటుందా? "ఏట్ల పుట్టి ఏట్ల పెరిగినోన్ని సుట్టపుసూపుకొచ్చిండని రాస్తివా సారూ?" అని కడిగేసింది. నేను తల దించుకుని పుట్టి ఎక్కాను.

తుంగ పక్కన నాలుగు కొర్రమట్టలు పడ్డాయి. శిక్షణ బ్రహ్మాండంగా ఫలించిందని పెద్దలకు రిపోర్టు ఫారం నింపి పంపాను. తెడ్డు ఎవరు వేశారని అందులో ఎక్కడా అడగలేదు.