ఈశ్వరి పెట్టెలో కోబాల్టు

నవ్వండి, అభ్యంతరం లేదు. నేను చొక్కా గుండీలు విప్పి చూపించేవరకే నవ్వండి.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన పాత సామాను దుకాణం నాది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇనుము, ఇత్తడి, రాగి, సీసం తూస్తున్నాను. మనుషుల్ని కూడా తూచే చూస్తాను, అలవాటైపోయింది. నా భార్య ఈశ్వరి హైస్కూల్లో సైన్సు చెబుతుంది. పాదరసం, పాత బ్యాటరీలు, పగిలిన ట్యూబులైట్లు మా దుకాణం గడప తొక్కకూడదని ఆవిడ శాసనం. వారానికోసారి వచ్చి గోనెసంచులు విప్పి చూస్తుంది. పోలీసులే నయం, వాళ్లు వచ్చేముందు కబురు పెడతారు.

మూడు చక్రాల బండి మీద నాకు సామాను తెచ్చే తవిటయ్య, ఒకరోజు మూతపడిన ఏదో ఫ్యాక్టరీ షెడ్డు నుంచి బిందెలాంటిది ఒకటి తెచ్చాడు. చూడటానికి చిన్నది, ఎత్తడానికి ఇద్దరు కావాలి. "సీసం బావా, గోకి సూసినాను," అన్నాడు. దాని మీద మూడు రెక్కల గుర్తు ఉంది. ఏదో ఫ్యాన్ల కంపెనీది అనుకున్నాను.

సుత్తితో పగలగొడితే లోపల సిగరెట్టు ముక్కంత స్టీలు గొట్టం. గరుకు కాగితంతో రుద్దితే అక్షరాలు తేలాయి. ఇంగ్లీషులో సి, ఓ, పక్కన అరవై, కింద పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది. సి, ఓ అంటే కోబాల్టు అని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. దాని ధర ముందు రాగి గడ్డిపోచ. ఇక అరవై. మా వ్యాపారంలో ఇత్తడిని అరవై-నలభై అంటాం, అరవై పాళ్లు రాగి, నలభై పాళ్లు జింకు. కాబట్టి ఇది అరవై పాళ్ల కోబాల్టు. లెక్క ఇంత సులువుగా తేలడం చూసి నాకే ముచ్చటేసింది. అరగంట సేపు జేబులో పెట్టుకుని దుకాణమంతా తిరిగాను.

ఆ షెడ్డులో ఇలాంటి బిందెలు ఇంకా ఉన్నాయట. గాజువాకలో నాకు తెలిసిన కొనుగోలుదారు మూడు వారాల్లో ఊరినుంచి వస్తాడు. అతనికి మచ్చు చూపించాలి. అప్పటిదాకా ఈశ్వరి కంట పడకూడదు. నా బీరువా, నా సంచి, నా చెప్పుల గూడు, అన్నీ వెతుకుతుంది. ఆవిడ వెతకనివి ఆవిడ సొంత వస్తువులే. గొట్టాన్ని గుడ్డలో మూటకట్టి ఆవిడ మంచం కింది ట్రంకు పెట్టెలో, పట్టుచీరల అడుగున పెట్టాను. నా తెలివికి నాకే దిష్టి తగులుతుందనుకున్నాను.

మూడు వారాలకు నా ఛాతీ మీద, ఎడమ జేబు ఉండే చోట, అణా కాసంత ఎర్రటి మచ్చ లేచింది. ఏదో పురుగు పాకిందనుకుని కొబ్బరినూనె రాశాను.

ఆ సాయంత్రం ఈశ్వరి పరీక్ష కాగితాలు దిద్దుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"కోబాల్టు గురించి మీకేటి తెలుసండీ?"

"ఖరీదైనదని తెలుసు."

"పరమాణువు మధ్యలో ఇరవై ఏడు ప్రోటాన్లుంటాయి. ఆ ఇరవై ఏడే దాని పేరు. ఒకటి తగ్గితే ఇనుము, ఒకటి పెరిగితే నికెలు. పట్టికలో వరస అలగే కూర్సినారు."

ఇనుము, కోబాల్టు, నికెలు ఇరుగుపొరుగు అని నాకు అప్పుడే తెలిసింది. ముగ్గురూ నా దుకాణంలో వేరు వేరు మూలల్లో ఉంటారు.

"వాటి పక్కన ముప్పై రెండు న్యూట్రాన్లుంటే మొత్తం యాభై తొమ్మిది. అది సాధువు. ముప్పై మూడుంటే అరవై. పేరు అదే, పని అదే, బరువే ఒకటెక్కువ. ఐసోటోపు అంటారు."

"తూకంలో ఒకటెక్కువొత్తే మంచిదే కదా," అన్నాను.

"ఆ ఒక్కటీ లోపల ఇమడదండీ. పగిలి, కంటికి కనబడని కిరణాలు ఒదుల్తాది. పక్కనున్నోళ్ల నెత్తురు తినేత్తాది. ముందు సర్మం ఎర్రబడతాది."

నా చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది.

తర్వాత నేను చేసినవన్నీ వీధివాళ్లు చూశారు. పొయ్యి దగ్గరి పట్కారుతో ఆ మూటను పట్టుకుని, చెయ్యి బారుగా చాచి, పెరట్లోకి పరుగెత్తాను. బకెట్‌లో పడేసి, జాలర్ల దగ్గర కొన్న, వలలకి కట్టే సీసపు గుండ్లు సంచెడు దాని మీద కుమ్మరించాను. ఆపైన ఇసుక, ఆపైన రోలు. దూరంగా పోయి ప్రహరీ గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇరవై ఒక్క రోజులు. ఆవిడ తలకీ ఆ పెట్టెకీ మధ్య రెండడుగులు. నా మంచం ఆ గదిలో అవతలి గోడకు. లెక్క వేయకుండా ఉండలేను, అది నా జబ్బు. వేశాను.

అంతా చెప్పేశాను. ఈశ్వరి గడప మీద నిలబడి విన్నది.

"మూట ఇప్పండి," అంది.

విప్పనన్నాను. తనే రోలు దొర్లించి, సీసపు గుండ్లు తోడి, మూట విప్పింది. లోపల నా దుకాణంలోని తుప్పు పట్టిన నట్టు ఒకటి.

నేను పెట్టిన మర్నాడే సింహాచలంలో పెళ్లికని పట్టుచీర తీసిందట. అక్షరాలు చదివి, ఇంట్లోంచి బయటికొచ్చి, ఫోన్ చేసిందట. నేను దుకాణంలో ఉండగా అధికారులు కిరణాలు పసిగట్టే కీచుమనే పెట్టెతో వచ్చి, గొట్టాన్ని సీసం డ్రమ్ములో పట్టుకుపోయారు. దాని బదులు మూటలో ఈ నట్టు కట్టి పెట్టిందట. నాకు తెలియకుండా తవిటయ్యని అడిగితే, షెడ్డుకి, అందులో మిగిలిన బిందెలకి కూడా తాళం పడింది. ఆవిడ నెత్తురు పరీక్షకి పంపారు. నన్ను తనే తీసుకొస్తానని వాళ్లకి చెప్పి, మూడు వారాలు గడువు అడిగిందట.

"గడువెందుకు?"

"మీ అంతట మీరు సెబుతారేమోనని. రోజూ సూసినాను." నట్టు నా చేతిలో పెట్టింది. "సింహాచలం అప్పన్నకి సందనం ఒలిసేది ఏడాదికి ఒక్క రోజు. అదీ తెలిసినోళ్లు. మీరు సీసాన్ని సుత్తెట్టి ఒలిసేసి, లోపల్ది నా తలకింద ఎట్టినారు. మీ మంచం కింద ఎందుకెట్టలేదు?"

నేను సీసపు గుండ్లు ఒక్కొక్కటీ ఏరి సంచిలో వేశాను.

ఆవిడ నెత్తురు బాగానే ఉంది. ఆ సరుకు ఐదేళ్ల చిల్లరకోసారి సగమైపోతుందట. తొంభై ఎనిమిది నుంచి ఇప్పటికి ఐదుసార్లు సగమై, రూపాయికి అర్ధణా, అంటే ముప్పై రెండో వంతు, మిగిలింది. ఆ అర్ధణా ఆవిడతో ఒక్క రాత్రే ఉంది. మా ఇద్దరినీ బతికించింది నా తెలివి కాదు, దాని వయసు. నాకు తెల్లకణాలు కొంచెం తగ్గాయన్నారు, నెలనెలా వెళ్లాలి. మచ్చ ఇదుగో, ఇంకా ఉంది.

ఈశ్వరి మంచం పక్కగదిలోకి మారింది. దూరం రెట్టింపైతే దెబ్బ నాలుగో వంతు అని తనే లెక్క చెప్పింది. కోపం ఎప్పటికి తగ్గుతుందని అడిగాను.

"అదీ కోబాల్టు లెక్కే. ఐదేళ్లకి సగం."

అంటే అర్ధణాకి దిగేసరికి నాకు డెబ్బై ఎనిమిది. పోనీ, సున్నా ఎప్పుడవుతుందన్నాను.

"దానికి సున్నా ఉండదండీ," అని కాగితాలు దిద్దుకుంది.