తడిసిన గొడుగు జాడ

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. “లైబ్రరీలో ఒక్క కథ చూసుకుని భోజనానికల్లా వచ్చేస్తా అత్తయ్యా” అని చెప్పి బయల్దేరింది. ఆమె పరిశోధన పాత కథల మీద. ‘తడిసిన గొడుగు’ అనే కథను అచ్చులో కళ్లారా చూస్తే తప్ప ఆ అధ్యాయం ఉంచనివ్వనని గైడుగారు తేల్చేశారు. ఏడాది కష్టం మరి.

ఇంకొకరైతే అలమారాలన్నీ గాలించేవారు. ఈమె ఘటికురాలు. పుస్తకాన్ని వెనకనుంచి తెరిచి, గ్రంథసూచి పట్టుకుని తీగ లాగుతుంది. ఆ కథను ప్రస్తావించిన ఒక లెక్చరరుగారి పుస్తకంలోని గ్రంథసూచి, దానికి ఆధారంగా ఒక విమర్శకుడిగారి పుస్తకాన్ని చూపించింది. ఆయనది ఒక సంపాదకుడిగారి పుస్తకాన్ని చూపించింది. అదేమో మళ్లీ లెక్చరరుగారి దగ్గరికే పంపింది. కథ పడిందంటున్న పత్రిక సంచిక ఆ లైబ్రరీలో లేదు.

ఆమె లెక్చరరుగారికి ఫోన్ చేసి ఎంతో వినయంగా అడిగింది. “మాస్టారూ, ఆ కథ మీరెక్కడ చదివారండీ?”

ఆయన ఎదురు ప్రశ్న వేశారు. “నిన్నెవరు అడగమన్నారమ్మా?”

“మా గైడుగారండీ.”

ఆయన ఫోన్ పెట్టేసి విమర్శకుడిగారికి చేశారు. “మన పుస్తకాల మీద ఆరా తీస్తున్నారండోయ్.” విమర్శకుడిగారి నోట ఆ ఆరా కాస్తా విచారణ అయింది. సంపాదకుడిగారి చెవిన పడేసరికి కమిటీ అయి కూర్చుంది.

మర్నాడు ముగ్గురూ గైడుగారి గదిలో ఊడిపడ్డారు. “ఈయన్ని నమ్మి రాశాను” అని ఒకరినొకరు చూపించుకున్నారు. అక్కడే ఉన్న కోడలికి ఏమీ పాలుపోలేదు. పాపం, సంపాదకుడిగారు ఇంట్లో అటకంతా దులిపి ఆ సంచికను పట్టుకొచ్చారు. ఆమె ఆత్రంగా పేజీలు తిప్పింది. చివరి పేజీలో చిన్న ప్రకటన ఉంది: ‘వచ్చే సంచికలో తడిసిన గొడుగు.’

“వచ్చే సంచిక రాలేదమ్మా. పత్రిక మూతపడింది” అన్నారు సంపాదకుడిగారు, నేల చూపులు చూస్తూ.

కోడలు గైడుగారి వైపు తిరిగింది. “నా అధ్యాయం పోయినట్టేనా సార్?”

“పోవడమేమిటి? అచ్చే కాని కథ ఇన్ని పుస్తకాల్లోకి ఎలా ఎక్కిందో రాయి. నేనైతే ఇంతదూరం వెళ్లేవాణ్ణి కాదు తల్లీ” అన్నారు గైడుగారు. ముగ్గురు పెద్దలూ మనసారా మెచ్చుకున్నారు. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఆ నెలలోనే వాళ్ల పుస్తకాలు కొత్త ముద్రణకు వెళ్లాయి. ముగ్గురూ తప్పు దిద్దుకుని, అందుకు ఆధారంగా కోడలి థీసిస్‌ను గ్రంథసూచిలో చేర్చారు, పేజీ నంబరుతో సహా.

ఆమె ఆ కొత్త అధ్యాయం ఇంకా మొదలుపెట్టలేదు.