గూడ్సుబండి నిలుపుదల చట్టం

ఫిబ్రవరి మొదటి శనివారం ఉదయం తొమ్మిది గంటలకు, ఐయోవా రాష్ట్రంలో ఒక హైస్కూలు రసాయనశాలలో, ప్రపంచంలోని అణ్వాయుధాలన్నీ రద్దయ్యాయి. తొమ్మిది నలభైకి చంద్రుడి మీద గనులు తవ్వుకోవడానికి అనుమతి లభించింది. పదింపావుకల్లా ఉత్తర ధ్రువం ఎవరిదో తేలిపోయింది. పదిన్నరకు సభ్యుల్లో ఒకరికి బాత్రూముకు వెళ్ళవలసి వచ్చింది గాని, దానికి మాత్రం అనుమతి అంత సులువుగా రాలేదు. ముందు లేచి నిలబడాలి. "వ్యక్తిగత హక్కు" అని ప్రకటించాలి. సభాధ్యక్షురాలు ఇమోజెన్ ఫాల్క్ సుత్తి కొట్టాలి. ఆ అమ్మాయికి పదిహేడేళ్ళు. సుత్తి సొంతం. అమ్మమ్మ పుట్టినరోజుకు కొనిచ్చింది.

దీన్ని విద్యార్థి చట్టసభ అంటారు. పదహారు మంది పిల్లలు అన్నల కోట్లూ అక్కల బూట్లూ వేసుకుని వచ్చి, తాము రాసిన బిల్లుల మీద తామే వాదించుకుంటారు. ఒకరు అనుకూలంగా మూడు నిమిషాలు మాట్లాడితే, వెంటనే మరొకరు వ్యతిరేకంగా మూడు నిమిషాలు మాట్లాడాలి. వెనక బెంచీలో కూర్చున్న న్యాయనిర్ణేతలు ప్రతి ఉపన్యాసానికీ ఆరుకు ఇన్నని మార్కులు వేస్తారు. గొంతుకు మార్కులున్నాయి. చేతులు ఊపడానికి మార్కులున్నాయి. గణాంకాలకు, అవి ఎక్కడివన్నది తర్వాతి సంగతి, మార్కులున్నాయి. చివర్లో బిల్లు మీద ఓటింగు జరుగుతుంది. దానికి మాత్రం మార్కుల్లేవు. అందుచేత ఆ సమయాన్ని సభ్యులు ఛార్జర్లు చుట్టుకోవడానికి వినియోగిస్తారు.

ఏ సభ్యుడు ఏ పక్షమన్న ప్రశ్న ఇక్కడ తలెత్తదు. విటేకర్ లాంగ్ అనే కుర్రాడు ప్రతి బిల్లుకూ రెండు ఫైళ్ళు తెస్తాడు, సమర్థించడానికి పచ్చది, వ్యతిరేకించడానికి ఎర్రది. మాట్లాడేవారి రెండు వరసల్లో ఏది ఖాళీగా ఉంటే ఆ ఫైలు తెరుస్తాడు. రాష్ట్రం మొత్తం మీద అతనికున్నంత స్థిరమైన అభిప్రాయాలు మరెవరికీ లేవని పేరు.

ఈ సభలో టిల్డా బ్రాండ్‌వోల్డ్ ఒక్కతే ఒక లోపంతో వచ్చింది. ఆ అమ్మాయికి తన బిల్లు నిజంగా కావాలి.

టిల్డాది హోమ్‌సైడింగ్ అనే తొమ్మిది వందల మంది ఊరు. ఇల్లు పట్టాలకు ఇటు, బడి పట్టాలకు అటు. ముందున్న లైను ఖాళీ అయ్యేదాకా, నూట ఇరవై పెట్టెల గూడ్సుబండి ఉదయం ఏడున్నరకు వచ్చి ఊరి గేటు మీద విశ్రాంతి తీసుకుంటుంది. ఒక రోజు నలభై నిమిషాలు, ఒక రోజు గంటన్నర. పెట్టెల మీద ఎవరో రంగులతో వేసిన బొమ్మలన్నీ టిల్డాకు కంఠతా వచ్చు. వాటిలో ఒక నీలం కప్ప ఆమెకు ఎంతో ఇష్టం. అది కనబడిన రోజున ఆలస్యమైనా కొంత సంతోషంగానే బడికి వెళ్తుంది.

బడిలో హాజరు గుమాస్తా డోరీన్ గారు మాత్రం కప్పను లెక్కలోకి తీసుకోరు. ఆలస్యానికి ఒక ఫారం ఉంది. అందులో అనుమతించిన కారణాలు ఐదు: జబ్బు, చావు, కోర్టు, పంటి డాక్టరు, పందులు దొడ్డి తప్పించుకోవడం. ఆరో గడి "విద్యార్థి నిర్లక్ష్యము".

"రైలండీ," అంది టిల్డా పద్నాలుగోసారి.

"రైలని గడి లేదమ్మా. పోనీ మీ పందులేమైనా తప్పించుకున్నాయా? బాగా ఆలోచించి చెప్పు."

"మాకు పందులు లేవండీ."

"అయ్యో," అన్నారు డోరీన్ గారు నిజమైన జాలితో. "ఉంటే ఎంత బాగుండేది." ఆరో గడిలో టిక్కు పెట్టారు. "ఇంకొక్కటి పడితే పదిహేను. పదిహేను పడితే బడి తరఫున ఏ పోటీకీ వెళ్ళడానికి వీల్లేదు. ఏప్రిల్‌లో మీ రాష్ట్ర పోటీ ఉంది కదూ? ముందే చెబుతున్నా, తర్వాత నన్ననకు."

టిల్డా ఆ మర్నాటి నుంచి బండి రాకముందే గేటు దాటేలా ఐదింటికి లేచింది, ఏడింటిదాకా బడి మెట్ల మీద కూర్చుని బిల్లు రాసింది. ఏ గూడ్సుబండీ ఊరి గేటు మీద పది నిమిషాలకు మించి నిలవరాదు. అంతే బిల్లు. శిక్షకుడు కెసెనిక్ గారు చదివి కళ్ళజోడు తీశారు.

"ఉద్దేశం బంగారం. బిల్లే బాగాలేదు."

"ఎందుకు సార్?"

"దీన్ని ఎవరు కాదంటారమ్మా? ఎవరూ కాదనలేని బిల్లు బిల్లెలా అవుతుంది? చంద్రుడి మీద ఏదైనా రాయకూడదూ, హాయిగా."

టిల్డా వినలేదు. ఆ రోజు వెనక బెంచీలో కూర్చోబోయే న్యాయనిర్ణేతల్లో ఒకరు వెర్లిన్ స్ట్రామ్‌క్విస్ట్ గారని ఆమెకు తెలుసు. ఆయన అసలు శాసనసభలో అసలు సభ్యుడు, పైగా రవాణా సంఘానికి అధ్యక్షుడు. విద్యార్థి సభలో నెగ్గిన బిల్లులన్నీ నీలం అట్టలో పెట్టి అలాంటి పెద్దమనిషికి బహూకరించడం అక్కడి ఆచారం. ఆయన దాన్ని కారు వెనక సీట్లో పడేసి మరిచిపోవడమూ ఆచారమే. కానీ బిల్లు నెగ్గితే అట్టలో ఉంటుంది, ఉంటే ఏమో చదవవచ్చు.

పదకొండింటికి టిల్డా వంతు వచ్చింది. మూడు నిమిషాలూ చక్కగా మాట్లాడింది. "వ్యతిరేకంగా మాట్లాడేవారు?" అని అడిగింది ఇమోజెన్. అందరూ బల్లల వంక చూసుకున్నారు. అణుబాంబు పక్షాన ఐదుగురు మాట్లాడిన గదిలో రైలు పక్షాన ఒక్కరూ లేవలేదు. అనుకూలంగా తొమ్మిది చేతులు లేచాయి గాని నిబంధనలు ఒప్పుకోవు. వ్యతిరేకించేవాడు దొరికేదాకా సమర్థించడానికి వీల్లేదు. ఒక విరోధిని వెతుక్కోవడానికి సభకు ఐదు నిమిషాల విరామం ఇచ్చారు.

టిల్డా విటేకర్ దగ్గరికి పరిగెత్తింది. "నీ ఎర్ర ఫైలు తియ్యవా, ప్లీజ్."

"ఊరి మధ్య రైలు అడ్డంగా పడుకోవడం మంచిదని నేనెలా చెప్పను? నాకూ పరువుంది."

"పొద్దున బాంబుల తరఫున మాట్లాడావుగా."

"బాంబులకు వాదన ఉంది తల్లీ. నీ బిల్లుకే లేదు. అందరికీ మంచి జరిగేది రాసుకొస్తే మేమేం కావాలి?" అన్నాడు విటేకర్. మరో సభ్యుడు ఇంకా సూటిగా, "దీన్ని పక్కన పడేసి నీటి ఏనుగుల బిల్లుకు వెళ్దాం పదండెహే, భోజనాల వేళవుతోంది," అన్నాడు.

అప్పుడు టిల్డా, నిబంధనలు క్షుణ్ణంగా చదివిన వాళ్ళు మాత్రమే చేయగల పని చేసింది. సవరణ కాగితం తీసుకుని తన బిల్లును తానే తలకిందులు చేసింది. వెయ్యి లోపు జనాభా గల ప్రతి ఊళ్ళోనూ, ప్రతి బడిరోజునా, గూడ్సుబండి ఊరి గేటు మీద నలభై నిమిషాలకు తగ్గకుండా నిలువవలెను. ఆమె లెక్క సరైనదే. ఇంత అన్యాయాన్ని చూసి సభంతా భగ్గుమంటుంది. గంటసేపు రైలు కష్టాలు వెర్లిన్ గారి చెవిన పడతాయి. బిల్లు చిత్తుగా ఓడిపోతుంది. ఓడితే గెలిచినట్టే.

సవరణను సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. తొలిసారిగా ఆ బిల్లుకు వ్యతిరేకత ఏర్పడినందుకు పలువురు ఆమెను అభినందించారు.

ఆ తర్వాత జరిగిన చర్చ చాలా ఉన్నత స్థాయిలో జరిగింది. మొదటి వక్త కన్నీళ్ళు పెట్టుకుని మరీ వ్యతిరేకించింది. టిల్డా గుండె తేలికపడింది. వెర్లిన్ గారు ఏదో రాసుకుంటున్నారు కూడా. కానీ వ్యతిరేకించేవారి వరసలో పదకొండు మంది, సమర్థించేవారి వరసలో సున్నా. వరస ఖాళీగా ఉంటే లేచినవాడికి లేచినట్టే అవకాశం. విటేకర్ లేచాడు.

"అధ్యక్షా, కదిలే రైలు మనుషుల్ని గుద్దుతుంది. నిలబడిన రైలు ఈ దేశ చరిత్రలో ఎవరినీ గుద్దలేదు. మనం కోరేది భద్రత కాదా? గేటు దగ్గర ఆగిన కారులో తండ్రీ కొడుకూ ఉంటారు. నలభై నిమిషాలు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ నలభై నిమిషాలు కలిసి కూర్చుని ఎన్నాళ్ళయింది? ఈ సభ ఆ తండ్రి దగ్గర్నుంచి ఆ నలభై నిమిషాలు లాక్కుంటుందా?"

వెనక బెంచీలో ఎవరో ముక్కు చీదారు. విటేకర్ కూర్చునేసరికి సమర్థించే వరస చిన్నదని మిగతావాళ్ళు గ్రహించి అటు దూకారు. ఒకరు ఇంధనం ఆదా అన్నారు. ఒకరు ఓర్పు అనే విలువ మన తరంలో నశిస్తోందన్నారు. ఇంతకుముందు ఏడ్చిన అమ్మాయి, అవే కన్నీళ్ళు ఆరకముందే, సమర్థిస్తున్న వక్తను మెచ్చుకుంటూ ఒక ప్రశ్న వేసింది.

పన్నెండుకు వరండాలోంచి గొడ్డుమాంసం చిల్లీ కూర వాసనా, దాల్చినచెక్క తీపి రోల్స్ వాసనా ఒకేసారి వచ్చాయి. ఆ రెండూ కలిపి తినడం ఐయోవాలో బడి భోజనానికి పరమావధి. అప్పుడే ఇమోజెన్ ఓటింగు ప్రకటించింది. "అనుకూలురు చేతులెత్తండి." పదకొండు చేతులు లేచాయి. వాటిలో మూడు కోటు చేతుల్లో దూరడానికి లేచినవి. నిబంధనల్లో అలాంటి తేడా లేనందున అవీ లెక్కలోకి వచ్చాయి. వ్యతిరేకంగా నలుగురు. సుత్తి పడింది.

"మళ్ళీ లెక్కించండి అధ్యక్షా," అంది టిల్డా.

"నీ బిల్లు నెగ్గిందే పిచ్చిమొహమా," అని సుత్తి సంచిలో పెట్టుకుంటూ గుసగుసగా అంది ఇమోజెన్. "పద, రోల్స్ అయిపోతాయి."

భోజనాల దగ్గర నీలం అట్ట చంకలో పెట్టుకుని, వేళ్ళకంటిన పంచదార నాక్కుంటూ వెర్లిన్ గారు టిల్డాను వెతుక్కుంటూ వచ్చారు.

"ఇరవై రెండేళ్ళుగా సభలో ఉన్నానమ్మా. రైల్వే కంపెనీ ఒక్క మాట అడ్డు చెప్పకుండా ఒప్పుకునే బిల్లు ఇన్నాళ్ళకు చూశాను."

"అయ్యా, నేను మొదట రాసింది వేరండీ. పది నిమిషాలది."

"విన్నాను, చాలా మంచిది. ఎవరూ కాదనలేదు కూడా." ఆయన గొంతు తగ్గించారు. "ఎవరూ కాదననిది తీసుకెళ్ళి సభలో పెడితే, మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెయ్యలేదయ్యా అని నన్నడుగుతారు. ఏం చెప్పను?"



మార్చి ఆఖరుకి చట్టం వచ్చింది. రాష్ట్ర చరిత్రలో అంత త్వరగా నడిచిన బిల్లు మరొకటి లేదంటారు. దాని అమలు చూసి అధికారులే ఆశ్చర్యపోయారు. మొదటి రోజునే, ఒక్క రూలు అతిక్రమించకుండా, రాష్ట్రమంతటా గూడ్సుబండ్లు గేట్ల మీద నిలిచిపోయాయి. ఇంత క్రమశిక్షణ చూపిన రైల్వే కంపెనీకి గవర్నరు కార్యాలయం ప్రశంసాపత్రం పంపింది. హోమ్‌సైడింగ్‌లో చర్చి ఆడవాళ్ళు గేటుకు ఇటువైపు ఆపిల్ పై అనే తీపి రొట్టెల దుకాణం పెట్టారు, అటువైపు వాళ్ళు చెర్రీ పై పెట్టారు. ఊరి చివరి గుడ్ల ఫ్యాక్టరీలో గేటు దగ్గరి నలభై నిమిషాలను పనివేళలో కలిపారు. జనం ఇళ్ళ నుంచి కాస్త తొందరగా బయలుదేరి వచ్చి మరీ గేటు పడేదాకా ఎదురు చూడసాగారు.

బడిలో డోరీన్ గారు కొత్త ఫారం తెరిచి చూపించారు. జబ్బు, చావు, కోర్టు, పంటి డాక్టరు, పందులు. ఆరోది "చట్టబద్ధ నిలుపుదల". నిర్లక్ష్యం ఏడో గడికి దిగింది.

"పాతవి కూడా మార్చమన్నారమ్మా," అని డోరీన్ గారు ఒక్కొక్కటే కొట్టేస్తూ పద్నాలుగూ కొట్టేశారు. "ఇప్పుడు నీ మీద ఒక్క ఆలస్యమూ లేదు. ఎప్పుడొచ్చినా నువ్వు వేళకొచ్చినట్టే." టిల్డా ఆనందం పట్టలేక ఆవిడను కౌగిలించుకుంది. ఆ వారమంతా ఏడున్నరదాకా నిద్రపోయింది. లేచాక వాళ్ళమ్మ చేసిన వాఫిల్సు తీరిగ్గా తిని, గేటు దగ్గర నీలం కప్పను చూసి, తొమ్మిదిన్నరకు బడికి వేళకే వెళ్ళింది.

ఏప్రిల్‌లో రాష్ట్ర పోటీకి బిల్లుల జాబితా వచ్చింది. కెసెనిక్ గారు దాన్ని టిల్డా ముందు పెట్టి మూడో బిల్లు చూపించారు. ఏ గూడ్సుబండీ ఊరి గేటు మీద పది నిమిషాలకు మించి నిలవరాదు, ఇందుకు విరుద్ధమైన చట్టము రద్దగును. రాసిందెవరో పడమటి జిల్లాల పిల్ల. వాళ్ళ నాన్న ఆంబులెన్సు నడుపుతాడట.

"ఇది నీ బిల్లే కదమ్మా. అప్పుడు చెడ్డ బిల్లన్నాను, ఇప్పుడు బ్రహ్మాండమైన బిల్లు," అన్నారాయన ఉత్సాహంగా. "ఆపిల్ పై, చెర్రీ పై దుకాణాల వాళ్ళున్నారు, ఫ్యాక్టరీ ఉంది, కంపెనీ ఉంది. రెండు పక్షాలూ నిండుగా ఉన్నాయి. ఏ పక్షం రాసుకోను నీకు?"

టిల్డా మూడో బిల్లు ఇంకోసారి చదివింది. ఆ బిల్లు నెగ్గి ఎవరి చేతిలోనైనా పడి చట్టమైతే ఆరో గడి పోతుంది. ఆరో గడి పోతే పద్నాలుగూ తిరిగొస్తాయి.

"వ్యతిరేకం సార్."

"ఆధారాలేమైనా ఉన్నాయా?"

"వెతుకుతాను సార్."

రాష్ట్ర పోటీలో టిల్డా మూడు నిమిషాలు మాట్లాడింది. కాగితం వైపు చూడలేదు. న్యాయనిర్ణేతలు ముగ్గురూ ఆరుకు ఆరు వేశారు. మార్కుల కింది గడిలో ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకోకుండానే ఇంచుమించు ఒకే మాట రాశారు: ఈ రోజు మొత్తం మీద, తాను చెబుతున్నది నిజంగా నమ్మి మాట్లాడిన సభ్యురాలు ఈ అమ్మాయి ఒక్కతే.