సుజన రెండు బళ్ళు, ఒక్క నోటుబుక్కు

వేసవి సెలవులయ్యాక మొదటి సోమవారం పొద్దున్న నీరజ ప్లాను చాలా చిన్నది. నాలుగేళ్ళ కూతురు సుజనని తొమ్మిదింటికి వీధి చివర అంగన్‌వాడీలో దింపాలి, పదింటికల్లా తెనాలిలో తన క్లర్కు ఉద్యోగానికి చేరాలి, మధ్యాహ్నం ఆటో సుజనని ప్లేస్కూలుకి తీసుకెళ్తుంది, అయిదింటికి తనే వెళ్ళి తెచ్చుకోవాలి. భర్త జాన్ బాబు రేపల్లెలో టీచరు, పొద్దున్నే రైలెక్కేశాడు. అంతా బాగానే ఉంది, కానీ గుమ్మంలోనే అంగన్‌వాడీ టీచరు విజయ ఒక కొత్త నోటుబుక్కు చేతిలో పెట్టింది.

"రెండుచోట్లకి వెళ్ళే పిల్లల గురించి మొన్న ట్రైనింగులో గట్టిగా చెప్పారక్కా. ఇక్కడ ఏం నేర్చుకుందో అక్కడ తెలియాలంట, అక్కడిది ఇక్కడ తెలియాలంట. బ్యాగులో పెట్టి పంపండి, మేమిద్దరం రాసుకుంటాం."

ఇంత మంచి పద్ధతి ఇన్నాళ్ళూ ఎందుకు లేదా అని నీరజ మురిసిపోయి, అక్కడికక్కడే దానికి అట్ట కూడా వేసి సుజన బ్యాగులో పెట్టింది.

ఆ మధ్యాహ్నమే విజయ మొదటి వాక్యం రాసింది: "పాప పళ్ళెం ముందే నిద్రలోకి జారుకుంటోంది. అన్నం, గుడ్డు ముట్టలేదు." ప్లేస్కూలు మేడం హిమబిందు అది చదివి, అయ్యో పసిది అలిసిపోయిందని, రంగులూ అంకెలూ పాటలూ అన్నీ పక్కన పెట్టి చాప వేసి పడుకోబెట్టింది. లేచాక చేతిలో రెండు బిస్కెట్లు పెడితే సుజన టకటకా తినేసింది. మేడం రాసింది మాత్రం ఇంతే: "మూడు గంటలు నిద్రపోయింది. పాఠం జరగలేదు."

మంగళవారం అది చదివి విజయ బెంబేలెత్తింది. పొద్దున్నా నిద్రే, మధ్యాహ్నమూ నిద్రే! "రక్తం తక్కువేమో, చూపించండి" అని రాసింది. అది చదివి హిమబిందు ఆటలు కూడా మాన్పించి, ఒక దిండు కొంది. పగలంతా పడుకున్న పిల్ల రాత్రి ఏం పడుకుంటుంది? బుధవారం నిజంగానే తూలుతూ వచ్చింది. గురువారం రక్తపరీక్షలో అంతా బాగుందని తేలింది. దాంతో అందరికీ ఇంకా భయం వేసింది.

నీరజ ఆ పేజీలు ఫోటో తీసి జాన్ బాబుకి పంపింది, జాన్ బాబు బాపట్లలో ఉన్న తల్లి లక్ష్మమ్మకి పంపాడు. వెంటనే నీరజ ఫోను మోగింది.

"నాలుగేళ్ళ పిల్లకి రెండు బళ్ళేంటమ్మాయ్? వేసవిలో నా దగ్గర నెల రోజులుంది, బంగారంలా తిన్నది! ఉద్యోగం మానెయ్, పిల్లని చూసుకో."

"ఆరేళ్ళు పరీక్షలు రాసి తెచ్చుకున్న ఉద్యోగం అత్తయ్యా..."

"రేపు నేనొస్తున్నా. కాయితం రాసి ఉంచు."

నీరజ రాజీనామా రాసింది. మూడుసార్లు చించేసి, నాలుగోసారి రాసి బ్యాగులో పెట్టుకుంది.

శుక్రవారం భోజనం వేళకి అందరూ అంగన్‌వాడీలో చేరారు. హిమబిందు స్కూటీ మీద దిండుతో సహా వచ్చింది. ఇరవై ఒక్క మంది పిల్లల మధ్య సుజన ముందు అన్నం, పప్పు, ఉడికిన గుడ్డు పెట్టారు. సుజన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తల వంచింది. కళ్ళు మూసుకుంది.

"చూశారా అండీ!" అంది విజయ.

"దిండు వెయ్యనా?" అంది హిమబిందు.

నీరజ కాయితం బయటికి తీసింది.

"ఆమేన్," అంది లక్ష్మమ్మ. పళ్ళెం ముందు వంచిన తల చూస్తే ఆవిడ నోటికి అలవాటుగా వచ్చే మాట అది.

సుజన కళ్ళు తెరిచి సగం గుడ్డు కొరికేసింది.

"ఏంటే ఇది?" అంది లక్ష్మమ్మ.

"నువ్వే చెప్పావుగా నానమ్మా, పెద్దవాళ్ళు ఆమేన్ అనేదాకా పళ్ళెం ముట్టుకోకూడదని. ఇంట్లో డాడీ అంటాడు, అమ్మ అంటుంది. ఇక్కడ ఎవ్వరూ అనట్లేదు."

"మరి నా బిస్కెట్లు తిన్నావుగా?" అంది హిమబిందు.

"బిస్కెట్లకి పళ్ళెం ఉండదుగా మేడం."

నోటుబుక్కు మళ్ళీ మొదట్నించీ తిరగేశారు. పిల్ల కళ్ళు మూసుకుందని ఎవరూ రాయలేదు, నిద్ర అనే రాశారు. పిల్లని అడిగినట్టు ఒక్క పేజీలోనూ లేదు.

 లక్ష్మమ్మ "ఆ కాయితం ఇటివ్వు," అని నీరజ చేతిలోంచి తీసుకుని, ఇంకో గుడ్డు ఒలిచి మనవరాలి పళ్ళెంలో వేసి, పెంకులు ఆ రాజీనామాలో పొట్లం కట్టింది.

"సోమవారం ఆఫీసుకి లేటవ్వకు అమ్మాయ్."

విజయ నోటుబుక్కు మొదటి పేజీలో "మూడో బడి: నానమ్మ, బాపట్ల" అని చేర్చింది. లక్ష్మమ్మ పక్కనే సంతకం పెట్టింది.

శనివారం విజయ రాసింది: "సుజన శుభ్రంగా తిన్నది. మిగతా ఇరవై ఒక్క మందీ ఆమేన్ అనేదాకా తినట్లేదు."