ఫ్లష్‌లో ఎర్ర నీళ్లు

ఆ వేసవి దాచేపల్లిలో బోర్లు అడుగంటాయి. సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు నాగేంద్రబాబు కళ్లు వాషింగ్ మిషన్ వదిలే నీళ్ల మీద పడ్డాయి. ఇన్ని నీళ్లు ఊరికే కాలవలో కలవడమేమిటి? ముందు అరటిచెట్టుకు పెట్టి చూశాడు. చెట్టు ఏపుగా లేచింది. తోటకూరకు పెట్టబోతే భార్య సుప్రజ అడ్డం నిలబడింది. "మన మురికి మనమే తినాలా ఏంది?" డ్రమ్ములో దాచి చూస్తే రెండు రోజులకే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. చివరికి ఏ పూట నీళ్లు ఆ పూటే ఖర్చయ్యేలా మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకుకు గొట్టం బిగించాడు.

ఆదివారం పొద్దున్నే సుప్రజ మిషన్ వేసింది. ముందు రోజు ఎడ్లపాడు నుంచి దిగిన అత్తమామలకు కాఫీలయ్యాక తన గొట్టం చూపించాలని నాగేంద్రబాబు అనుకున్నాడు. ఈలోగా మామగారు బ్రహ్మయ్య మరుగుదొడ్లోకి వెళ్లొచ్చాడు. మొహాన నెత్తుటి చుక్క లేదు.

"అల్లుడూ, ఇట్రా. ఆడోళ్లకి చెప్పబాక. నెత్తురు పడతంది."

"ఎంత మామయ్యా?"

"ఎంతేందయ్యా! మీట నొక్కేకొద్దీ వస్తంది!"

నాగేంద్రబాబు వెంటనే బండి తీశాడు. ఊళ్లో ఎవరికీ తలవంచని సర్పంచి బ్రహ్మయ్య అల్లుడి నడుం గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. పిడుగురాళ్ల దాకా ఏ పొలం ఎవరికో చెబుతూనే ఉన్నాడు. "నేను పోయినా సర్పంచి పదవి మాత్రం ఆ శ్రీనివాసరావుకి పోనియ్యబాకండి."

ఆసుపత్రిలో రక్తపరీక్షకు ఆయన వేలు గుచ్చుతుండగా సుప్రజ ఫోను.

"ఏమండీ, అమ్మక్కూడా నెత్తురు పడతందంట! ఒకటే ఏడుపు!"

నాగేంద్రబాబు గబగబా ఫోను పెట్టేశాడు. ఇద్దరికీ అంటుకుందంటే కారణం తన గొట్టమే! అరటిచెట్టుతో ఆగినా సరిపోయేది. డాక్టరమ్మ సైమా ముందు చేతులు కట్టుకుని అంతా చెప్పేశాడు. ఆమె పెన్ను పక్కన పెట్టి ఆసక్తిగా విన్నది.

"ఆ నీళ్లు ఎవరైనా తాగారా?"

"లేదమ్మా. కానీ తుంపర్లు పడుంటాయి."

"తుంపర్లు పడగానే రక్తం రాదు. ఇవాళ మిషన్లో ఏం వేశారు?"

అతను సుప్రజకు ఫోన్ చేసి అడిగాడు.

"నా కొత్త ఎర్రచీర. రంగంతా వదిలింది, ఆ షాపోణ్ణి..." సుప్రజ మాట మధ్యలోనే ఆగింది. నాగేంద్రబాబు చీర సంగతి డాక్టరమ్మకు చెప్పాడు.

విషయం అర్థమై బ్రహ్మయ్య లేచాడు. "చీర రంగు చూపించి నాచేత పొలాలు పంచిచ్చావా!" అంటూ చెయ్యెత్తాడు. డాక్టరమ్మ ఆపింది.

"కూర్చోండి పెద్దాయనా. రక్తం సంగతలా ఉంచండి, షుగర్ బాగా ఎక్కువుంది. ఇంకొన్నాళ్లు ఇట్లాగే వదిలేస్తే కళ్లకో కాళ్లకో ముప్పొచ్చేది."

ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది.

ఇంటికి రాగానే నాగేంద్రబాబు పానా పట్టుకుని గొట్టం విప్పబోయాడు. మామగారు అడ్డుపడ్డాడు. "దాన్ని ముట్టుకోబాక! అది లేకపోతే నా రోగం నాకు తెలిసేదా? రంగుబట్టలు ఉతికే రోజు నీళ్లు కాలవలోకి తిప్పుకో, చాలు."

తరవాతి ఆదివారం ఎడ్లపాడు నుంచి ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. సుప్రజ కాఫీ ఇవ్వబోతే తరవాత తాగుతామన్నారు; ముందు షుగర్ చెప్పే దొడ్డి ఎటో చూపించమన్నారు.