మంచినీళ్ళాయన కలిపిన ఉప్పు

ఆ సోమవారం ఉదయం ఆయన వేసుకున్న పథకంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆరింటికి మేడ మీదికి వెళ్ళి ఉప్పు కలపాలి. ఎనిమిదింటికల్లా స్నానం ముగించుకుని ఆఫీసుకు బయలుదేరాలి. ఒక రోజంతా కుదురుకున్న ఉప్పునీళ్ళను మంగళవారం సాయంత్రం హాల్లోని గాజుతొట్టిలో పోయాలి. బుధవారం రెండు నారింజరంగు చారల చేపల్ని తెచ్చి అందులో వదలాలి. గురువారం నుంచి రోజూ అరగంట వాటి ముందు కూర్చుని కోపం తగ్గించుకోవాలి. కోపం తగ్గించుకోమన్నది డాక్టరు. చేపల్ని చూస్తూ కూర్చుంటే రక్తపోటు దిగుతుందన్నదీ ఆయనే.

ఆయన నగర నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల అధికారి. అందరూ మంచినీళ్ళాయన అంటారు. నీళ్ళు రంగు మారాయనో వాసన వేస్తున్నాయనో ఎవరు ఫిర్యాదు చేసినా స్వయంగా వెళ్తాడు. కుళాయి తిప్పి, అందరి ముందూ గ్లాసుడు నీళ్ళు నిలబడి తాగి, తిరిగొచ్చి రిజిస్టరులో "ఆధారం లేదు" అని రాస్తాడు. ఇరవై రెండేళ్ళలో "నిజం" అన్న మాట ఆ రిజిస్టరులో ఒక్కసారి కూడా పడలేదు. ఆయన గర్వమంతా అందులోనే ఉంది. అది చూసైనా తనకి పై ఉద్యోగం ఇస్తారని ఐదుసార్లు ఎదురుచూశాడు. ఐదుసార్లూ ఇంకెవరికో ఇచ్చారు. ఆరో జాబితా ఈ వారంలోనే రావాలి.

మంచినీళ్ళ చేపలైతే ఈ తంటా ఉండేది కాదు. "రోజంతా ఆఫీసులో మంచినీళ్ళతోనే చస్తున్నాను, ఇంట్లో కూడా అవేనా?" అని ఆయనే సముద్రపు చేపలు కావాలన్నాడు. సముద్రపు చేపలకి సముద్రం కావాలి. ఆ సముద్రాన్ని పొడిచేసి సంచుల్లో అమ్ముతారని చేపల దుకాణంలో చెప్పినప్పుడు ఆయనకి ఒళ్ళు మండింది. నీళ్ళలోంచి ఉప్పు తీసెయ్యడానికి తన ఆఫీసు ఇన్ని యంత్రాలు పెట్టుకుని కూర్చుంటే, తను డబ్బిచ్చి మరీ ఉప్పు కొనుక్కుని నీళ్ళలో కలుపుకోవడమా?

"వంటింట్లో ఉప్పు వేస్తే ఏం?" అని నిలదీశాడు.

"వెయ్యొచ్చు సార్. చేపలే ఉండవు," అన్నాడు దుకాణదారు. నీలం డబ్బా, తెల్ల ప్యాకెట్టు, ఎర్ర సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నీలంది పగడాలు పెంచేవాళ్ళకి, అందులో సున్నం ఎక్కువ. తెల్లది తొందరగా కరుగుతుంది. ఎర్రది ఉత్త చేపలకి."

"మూడింటి మీదా అచ్చం సముద్రమనే రాసుంది. లోపల ఏముందో ఎవడు చూశాడు?"

"చేపలు చూశాయి సార్. ఇంతవరకూ ఒక్కటీ ఫిర్యాదు చెయ్యలేదు."

ఫిర్యాదుల అధికారికి ఆ మాట నచ్చింది. కానీ ఆ వెంటనే దుకాణదారు, "కుళాయి నీళ్ళలో కలపకండి, ఫిల్టరు నీళ్ళు వాడండి," అన్నాడు. దాంతో మంచినీళ్ళాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఊరంతా తాగే నీళ్ళు నీ రెండు చేపలకి పనికిరావా?" అని కడిగేసి, ఏమీ కొనకుండా వచ్చేశాడు.

తర్వాత వారమంతా ఆఫీసులో ఇదే గొడవ. నీలమా, తెలుపా, ఎరుపా అని కనిపించినవాళ్ళనల్లా అడిగాడు. ల్యాబులో పనిచేసే అమ్మాయి ఎరుపు చాలంది. క్యాషియరు తెలుపన్నాడు. ఎదురు బల్ల దగ్గర కూర్చునే రికార్డు గుమాస్తా మాత్రం ఏ రంగూ చెప్పకుండా, రోజూ పొద్దున్నే, "సార్, ఉప్పు ఎంతవరకూ వచ్చింది?" అని పలకరించేవాడు. శుక్రవారం నాడు మంచినీళ్ళాయన వచ్చేసరికి ఆయన బల్ల మీద ఉప్పుసీసా ఒకటి పెట్టి ఉంది. ఆఫీసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ రోజు సాయంత్రమే వెళ్ళి, ఎవరి మీద కోపమో ఎర్ర సంచి మీద చూపిస్తూ, లాగి స్కూటరు మీద పడేసుకుని ఇంటికి తెచ్చాడు.

తీరా కలపబోతే ఇంట్లో అంత పెద్ద గిన్నె లేదు. "నా బకెట్లు ముట్టుకుంటే ఊరుకోను," అని భార్య ముందే చెప్పేసింది. ఆరు వాటాలున్న ఆ మేడ మీద రెండు నీళ్ళ ట్యాంకులున్నాయి. పెద్దది అందరూ వాడుకునేది. చిన్నది రెండేళ్ళుగా ఖాళీగా పడివుంది. సోమవారం పొద్దున్నే ఆయన దాన్ని శుభ్రంగా కడిగాడు. మేడ మీది కుళాయి నుంచి రెండొందల లీటర్లు పట్టి, ఎర్ర సంచిలో సగం ఉప్పు పోసి, కర్రతో తిప్పి, మూతపెట్టాడు. మిగిలిన సంచిని మడిచి ట్యాంకు పక్కన ఇటుక కింద పెట్టాడు.

శనివారం నుంచీ మెట్ల దగ్గర గోడకి నోటీసు ఒకటి అతికించి ఉంది. కింద వాటాలో ఉండే రిటైరైన మేష్టారు ఆ ఇళ్ళ సంఘానికి కార్యదర్శి. సోమవారం పెద్ద ట్యాంకు కడిగిస్తున్నామని, ఆ ఒక్కరోజుకీ చిన్న ట్యాంకు నీళ్ళు వస్తాయని ఆయన గుండ్రటి అక్షరాలతో రాశారు. మంచినీళ్ళాయన అది చదవలేదు. ఇరవై రెండేళ్ళుగా నోటీసులు రాస్తున్న మనిషి కాబట్టి, నోటీసులు ఎవరూ చదవరని ఆయనకి బాగా తెలుసు.

తొమ్మిదింటికి ప్లంబరు మేడెక్కాడు. చిన్న ట్యాంకు మూత తీస్తే లోపల శుభ్రంగా ఉంది, అడుగున తేటగా నీళ్ళున్నాయి. ఎవరో పుణ్యాత్ములు తన పని సగం చేసిపెట్టారనుకుని, దాన్ని నిండా నింపి, కిందికి వెళ్ళే గొట్టం తిప్పేశాడు.

పదింటికి ఆఫీసులో మొదటి ఫోను మోగింది.

"నీళ్ళు ఉప్పగా ఉన్నాయండీ," అంది ఒక ఆడగొంతు.

మంచినీళ్ళాయన తలెత్తి ఎదురు బల్ల వైపు చూశాడు. రికార్డు గుమాస్తా ఫైల్లో తల దూర్చి ఉన్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. పాపం అతనికి జలుబు చేసింది. మంచినీళ్ళాయనకి మాత్రం అది నవ్వులా కనిపించింది.

"ఏ వీధమ్మా?" అన్నాడు. ఆవిడ చెప్పింది ఆయన వీధే, ఆయన మేడే, రెండో అంతస్తు. ఓహో, పథకం ఇంతదాకా వచ్చిందా అనుకున్నాడు. ఆఫీసు చాలక ఇంటి చుట్టుపక్కలవాళ్ళని కూడా కలుపుకున్నారన్నమాట. "ఆధారం లేదు" అని రాసి ఫోను పెట్టేశాడు.

పదిన్నరకి మూడో అంతస్తు నుంచి ఒకాయన చేశాడు. "మొహం కడుక్కుంటే కళ్ళు మండుతున్నాయి సార్."

"కళ్ళు మూసుకుని కడుక్కోండి," అని, "ఆధారం లేదు. ఫిర్యాదుదారు నేత్రవైద్యుణ్ణి సంప్రదించవలెను," అని రాశాడు.

పదకొండింటికి మేష్టారే చేశారు. "బాబూ, నేను కింద వాటా నుంచి..."

"మేష్టారూ, మీ వయసుకి ఇది తగునా?"

"ఏది తగునా?"

"పిల్లలకి పాఠాలు చెప్పినవారు. ఎవడో గుమాస్తా చెప్పమంటే చెప్పెయ్యడమేనా?"

మేష్టారు ఫోను పెట్టేసి, కాగితం కలం తీసుకుని, ఫిర్యాదుల అధికారి ప్రవర్తన మీద రెండు పేజీలు రాసి, ఆటో ఎక్కి, ఆ ఆఫీసుకి పై అధికారి అయిన పెద్ద మేడం చేతికే ఇచ్చి వచ్చారు.

ఈలోగా నాలుగో ఫోను వచ్చింది. "ఏమండీ, నీళ్ళు నోట్లో పెట్టుకోలేకపోతున్నాం," అంది భార్య.

"నువ్వు కూడా వాళ్ళలో కలిశావా?"

"ఎవళ్ళలో?"

"ఇరవై రెండేళ్ళ నా మర్యాద నీకు నవ్వులాటైపోయింది కదూ," అని ఆవిడ మాట వినకుండా పెట్టేశాడు. ఆ ఫిర్యాదు కూడా రిజిస్టరులో ఎక్కింది. పేరుకి ఎదురుగా "ఆధారం లేదు. ఇంటికొచ్చి మాట్లాడతాను," అని ఉంది.

పన్నెండింటికి పెద్ద మేడం పిలిచారు. మేష్టారి రెండు పేజీలు ఆవిడ బల్ల మీద ఉన్నాయి.

"ఇవాళ నాలుగు ఫిర్యాదులొచ్చాయట. మీరు వెళ్ళి చూశారా?"

మంచినీళ్ళాయన కాసేపు నీళ్ళు నమిలాడు. "ప్రతిసారీ వెళ్తాను మేడం. ఇవాళొక్కరోజే వెళ్ళలేదు. ఇవి ఫిర్యాదులు కావు, నన్ను ఏడిపించడానికి వేసిన వేషాలు."

"అయితే పదండి, నేనూ చూస్తాను వేషాలు," అని ఆవిడ లేచారు. ల్యాబు అమ్మాయి మీటరు పెట్టె పట్టుకుంది. రిజిస్టరు మోయడానికి రికార్డు గుమాస్తా తుమ్ముతూ జీపెక్కాడు. జాబితా వచ్చే వారంలోనే తనని ఇలా నలుగురిలో నిలబెడతారా అని దారిపొడవునా మంచినీళ్ళాయన ఉడికిపోయాడు.

మేడ ముందు ఆరు వాటాలవాళ్ళూ చెంబులు, సీసాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. బాగానే నటిస్తున్నారనుకున్నాడు.

"నా ఎదురుగా ఒక గ్లాసు పట్టండి," అన్నాడు.

మేష్టారు కుళాయి తిప్పి, గ్లాసు నిండా పట్టి ఇచ్చారు. మంచినీళ్ళాయన దాన్ని ఎండకెత్తి చూశాడు, తళతళలాడుతోంది. అందరి మొహాల్లోకీ ఒకసారి చూసి, అలవాటు ప్రకారం గడగడా తాగడం మొదలుపెట్టాడు. రెండో గుక్కకే సంగతి తెలిసిపోయింది. కానీ మధ్యలో ఆపితే ఇరవై రెండేళ్ళ పరువు ఆ గ్లాసులోనే మునిగిపోతుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా చివరి చుక్కదాకా తాగాడు.

"ఎలా ఉన్నాయి?" అన్నారు పెద్ద మేడం.

"బాగానే," అన్నాడు. అంతకంటే పెద్ద మాట బయటికి రాలేదు.

"ఇంకో గ్లాసు ఇమ్మంటారా?" అంది మెట్ల మీద నుంచి భార్య.

ల్యాబు అమ్మాయి వీధి కుళాయి నీళ్ళలో మీటరు ముంచింది. మంచినీళ్ళే. మేడ కుళాయి కింద ముంచి, ఒకటికి రెండుసార్లు చూసుకుంది. "మేడం, ఇందులో సముద్రంలో ఉండే ఉప్పులో ఐదోవంతు ఉంది."

సముద్రం అన్న మాట వినగానే మంచినీళ్ళాయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. అందరూ మేడెక్కారు. అందరికంటే వెనక ఆయన ఎక్కాడు. ప్లంబరు చిన్న ట్యాంకు చూపించి, పొద్దున్నే లోపల నీళ్ళుంటే మేష్టారే పట్టించారనుకున్నానని చెప్పాడు. నేను కాదన్నారు మేష్టారు. రికార్డు గుమాస్తా ఇటుక ఎత్తి, ఎర్ర సంచి బయటికి తీశాడు. వారం రోజులుగా దాని గురించి వింటున్నవాడు, ఒక్కమాట కూడా వేళాకోళం ఆడలేదు. మంచినీళ్ళాయనకి అది ఇంకా భరించలేనిదిగా అనిపించింది.

"సార్," అన్నాడతను గొంతు తగ్గించి, "చూడకుండా గొట్టం తిప్పింది ప్లంబరే కదా. అతని తప్పని రాసేద్దాం. ఎటూ మన సరఫరా నీళ్ళు బాగానే ఉన్నాయి. ఆధారం లేదనొచ్చు."

పెద్ద మేడం విననట్టు అటు తిరిగారు. రిజిస్టరు తెరిచి ఉంది. నాలుగు పేర్లు, నాలుగో పేరు తన భార్యది. ప్లంబరు భయంభయంగా ఆయన వైపే చూస్తున్నాడు. ఒక్క అబద్ధం రాస్తే రికార్డు దక్కుతుంది, జాబితాలో పేరూ ఉంటుంది. ఆయనకి అందరి మీదా కోపం వచ్చింది. చేపల దుకాణం మీద, డాక్టరు మీద, నోటీసు మీద, గుండ్రటి అక్షరాల మీద. ఆ కోపంతోనే కలం లాక్కుని నాలుగు "ఆధారం లేదు"లనూ కొట్టేశాడు. నాలుగుచోట్లా "నిజం" అని రాశాడు. "కారణం: ఫిర్యాదుల అధికారి" అని రాసి, కింద సంతకం చేశాడు. ఏడుపొచ్చినంత పనైంది.

ఆ సాయంత్రం ఆయన ఒక్కడే రెండు ట్యాంకులూ కడిగాడు. తనదానితో సహా ఆరు గడపలూ తొక్కి క్షమించమని అడిగాడు. మేష్టారి గడప దగ్గర రెండుసార్లు అడగాల్సివచ్చింది. బుధవారం ల్యాబు అమ్మాయి పూర్తి పరీక్ష కాగితం తెచ్చిచ్చింది. "సంచి మీద రాసినదానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు సార్. ఉప్పు మాత్రం సరైనదే కొన్నారు," అంది. అది ఓదార్పో ఎత్తిపొడుపో ఆయనకి అర్థం కాలేదు.

గురువారం పెద్ద మేడం పిలిస్తే, ఉద్యోగం ఊడిందనుకుని వెళ్ళాడు.

"జాబితా వచ్చింది. ఈసారి మీ పేరుంది," అన్నారావిడ.

మంచినీళ్ళాయన కూర్చోబోయినవాడు ఆగిపోయాడు. "ఎలా ఉంటుంది మేడం? సోమవారం సంగతి పైకి రాశారు కదా?"

"రాశాను, అందుకే వచ్చింది. నాలుగు వేల ఫిర్యాదుల్లో ఒక్కటీ నిజం కాలేదంటే, మీరు అసలు కుర్చీలోంచి లేవరని పైవాళ్ళ నమ్మకం. అందుకే ఐదుసార్లూ మీ పేరు కొట్టేశారు. ఇప్పుడు నాలుగు నిజాలు కనిపించాయి. మీరు వెళ్ళి చూస్తారని తేలింది."

"నాలుగు వేలసార్లూ వెళ్ళాను మేడం. వెళ్ళనిది సోమవారం ఒక్కరోజే," అన్నాడు. వెళ్ళినన్నాళ్ళూ నమ్మకుండా, వెళ్ళని రోజు చూసి నమ్మినవాళ్ళని ఏమనాలో ఆయనకి తెలియలేదు. ఈ ఉద్యోగం నాకొద్దని చెప్పెయ్యాలనుకున్నాడు. ఇంట్లో ఏమంటారో తలుచుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పెద్ద మేడం రిజిస్టరు ముందుకు లాక్కున్నారు. ఫిర్యాదు నిజమైతేనే నింపాల్సిన గడి ఒకటి ప్రతి వరసలోనూ చివర ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా దాంట్లో ఎవరూ కలం పెట్టలేదు. దాని పేరు "తీసుకున్న చర్య".

ఆవిడ కలం తీసుకుని, "బాధ్యుడికి పదోన్నతి ఇవ్వడమైనది," అని రాశారు.