భీమారావుకు వేసిన మంచం

ఆదివారం పొద్దున భీమారావు గడ్డం గీసుకుని, చేతిసంచీ తీసుకుని, "కూరలకి పోతన్నాను" అని గోడకి చెప్పి బయలుదేరాడు. గోడ పక్కన కోడలు అర్పిత నిలబడే ఉంది. కానీ ఆయన ఎవరికి చెప్పినా గోడకి చెప్పినట్టే చెబుతాడు. ఫోను గదిలోనే వదిలేశాడు. తనకి ఫోను చేసేవాళ్ళు ఎవరున్నారని?

ఆదిత్యపూర్‌లో వాళ్ళ ఫ్లాటు కిందే కూరల బళ్ళు నిలబడతాయి. వాటిని కాదని, ఖర్కాయి నది వంతెన దాటి, ఆటోలు మారి, అగ్రికో బజారు దాకా వెళ్ళి వంకాయలు తెచ్చే మనిషి ఆ వీధిలో ఇంకొకడు లేడు. ఎందుకని కొడుకు అమర్ ఒకసారి అడిగాడు. "అక్కడివి లేతగుంటాయి" అన్నాడు భీమారావు. అవి పుచ్చులని తరిగే అర్పితకి తెలుసు, తినే అమర్‌కి తెలుసు, కొనే ఆయనకీ తెలుసు.

సంగతి వంకాయలది కాదు. కూతురు శైలజ అగ్రికోలో ఉంటుంది. ఆరేళ్ళ కిందట తనతో పనిచేసే సౌరభ్ అనే బీహారు కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుని, మర్నాడు వచ్చి గుమ్మంలో నిలబడింది. "నాను సచ్చినాక వచ్చి ఏడు. బతికుండగా ఈ గడప తొక్కకు" అన్నాడు భీమారావు. శైలజ ఆయన కూతురే కాబట్టి ఆ మాట పట్టుకుంది. తల్లి దాలమ్మ పోయిన రోజున కూడా కింద గేటు దగ్గరే నిలబడింది కానీ మెట్లెక్కలేదు. భీమారావు రమ్మనలేదు. అప్పటినుంచి ప్రతి ఆదివారం బజారుకి ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చుని, ఆవిడ కూరలు కొనుక్కుని వెళ్ళేదాకా చూసి లేస్తాడు. పిలవడు. పిలిస్తే ఓడినట్టు. చూడకపోతే ఆ వారం గడవదు.

ఆయన మెట్లు దిగగానే అర్పిత కొంగు బిగించింది. అమర్‌కి పొద్దుటి షిఫ్టు. ఇల్లంతా ఆవిడదే. అమర్‌ని పెళ్ళాడి ఏడాది కూడా కాలేదు. అత్తగారిని ఫొటోలో తప్ప చూడలేదు. మామగారి గది చూసినప్పుడల్లా మాత్రం ఆవిడకి జైలు గుర్తొచ్చేది. తుప్పు పట్టిన ఇనప మంచం, కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, గోడకి రెండేళ్ళ కిందటి క్యాలెండరు. పాత మనిషికి పాత సామానైతేనే నప్పుతుంది, గదిని పాతకాలపు సామానుతో సర్దిపెడితే ఆయన ముఖం కాస్తైనా విచ్చుకుంటుంది అనుకుంది. ఆ పిల్ల బుద్ధిలో వంకర లేదు. వచ్చిన చిక్కంతా సామాను దగ్గరే.

ఆ సామాను పింటూ దగ్గర కొంది. పింటూ సీతారామరావు గారి అబ్బాయి. సీతారామరావు గారు అక్కడి తెలుగువాళ్ళకి పురోహితుడు. పోయినవాళ్ళు దారిలో ఇబ్బంది పడకూడదని, పదకొండోనాడు వాళ్ళ పేరున శయ్యాదానం చేస్తారు. మంచం, పరుపు, గొడుగు, పావుకోళ్ళు, చేతికర్ర, లాంతరు, నీళ్ళచెంబు, విసనకర్ర వరసగా పేర్చి పురోహితుడికి ఇస్తారు. సీతారామరావు గారు ఎంత పురోహితుడైనా ఒక్క మంచం మీదే పడుకోగలడు. మిగతావి షెడ్డులో ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. పింటూ వాటిని దులిపి, వార్నిష్ పూసి, ఫొటోలు తీసి, 'వింటేజ్' అని పేరు పెట్టి ఫోనులో అమ్మడం మొదలుపెట్టాడు. అర్పిత ఈ హిందీ ఊళ్ళోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు వింటే తెలుస్తుంది, అక్షరాలు రావు, చావింటి తంతు ఎన్నడూ చూడలేదు. ఒక్క మంచమే అడిగింది. "సెట్ మత్ తోడో భాభీ, అందం పోద్ది" అన్నాడు పింటూ. సెట్టు విడగొట్టకుండా మొత్తం తీసుకుంది.

బళ్ళోంచి సామాను దింపుతుంటే, కింది వాటాలో ఉండే బంగారమ్మ కిటికీలోంచి చూసింది. పురోహితుడి కొడుకు, టేకు మంచం, గొడుగు, కర్ర. చీర సర్దుకుని పైకెక్కింది.

గది అప్పటికే తయారైంది. మంచం మీద తెల్లటి దుప్పటి, తలవైపు గొడుగు, కాళ్ళవైపు పావుకోళ్ళు, పక్కన నీళ్ళతో నింపిన ఇత్తడి చెంబు, కొక్కేనికి లాంతరు. గోడకి భీమారావు, దాలమ్మల పెళ్ళినాటి నలుపు తెలుపు ఫొటో. ఒక్కరికే దండ వేస్తే బాగోదని అర్పిత ఇద్దరికీ కలిపి వేసింది.

"ఇదంతా ఎవురికే కోడలా?" అంది బంగారమ్మ.

"సబ్ పాపాజీ కే లియే హై, ఆంటీ" అంది అర్పిత, అన్నీ మామగారి కోసమేనని మురిసిపోతూ. "అచ్ఛా లగా?"

మంచందానమంటే పదకొండో రోజు. అంటే మనిషి పోయి పదకొండు రోజులైంది. పైవాటాలో చావు జరిగితే కింది వాటాకి కబురు లేదు! ఆవిడకి ముందు ఏడుపొచ్చింది, మెట్లు దిగేసరికి కోపమొచ్చింది.

"ఏమయ్యా, పైన భీమారావన్నయ్య పోనాడంట! పదకొండో రోజంట!" అంది మొగుడితో.

బంగారురాజు భీమారావుతో పాతికేళ్ళు ఒకే మిల్లులో క్రేను నడిపినవాడు. పేపరు కిందపెట్టాడు. "ఎప్పుడు? మొన్ననే కదేటి మెట్ల మీద..."

"సూసినావా?"

"సూసినట్టే ఉంది. ఆయనేనో కాదో మరి. తల వంచుకుని పోతాడు కదా."

వాళ్ళు భీమారావుకి ఫోను చేస్తే, పై వాటాలో దండ వేసిన ఫొటో పక్కనే అది మోగి మోగి ఆగిపోయింది. అర్పిత ఆ సమయంలో బాల్కనీలోకి ఇనప మంచం ఈడుస్తోంది. అమర్ ఫోను షిఫ్టులో కట్టేసి ఉంది. ఇక అనుమానానికి చోటు లేదు. ఈ పది రోజుల్లో భీమారావుని చూసినవాళ్ళెవరని చుట్టుపక్కల వాకబు చేశారు. ఒక్కరూ గట్టిగా చెప్పలేకపోయారు. ఆయన ఎవరితోనూ మాట్లాడడు, ఎవరింటికీ వెళ్ళడు, ఎదురైతే పక్కకి తప్పుకుంటాడు. బతికుండగానే అంత పకడ్బందీగా పోయిన మనిషి నిజంగా పోతే తేడా ఎవరికి తెలుస్తుంది?

ఈలోగా అర్పిత గది ఫొటో తీసి, తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కింద 'ఫర్ పాపాజీ' అని రాసి, అలవాటు ప్రకారం దండం పెట్టే బొమ్మ తగిలించింది. ఆ బొమ్మ లేకుండా ఆవిడ బర్త్‌డే శుభాకాంక్షలు కూడా పంపదు. పది నిమిషాల్లో గ్రూపు నిండిపోయింది. అన్నీ తెలుగు అక్షరాలు. 'వారి ఆత్మకు శాంతి కలుగుగాక', 'తీరని లోటు', 'మంచి మనిషిని కోల్పోయాం'. ఒక్క ముక్క చదవలేని అర్పిత, అందరికీ గది ఇంత నచ్చిందా అని పొంగిపోయి, వరసపెట్టి 'థాంక్యూ' అని, పక్కన ఎర్ర గుండెలు పెట్టింది.

బంగారమ్మే శైలజకి ఫోను చేసింది. "తల్లీ, మీ నాన్న..." అని ఏడ్చేసింది. అవతలినుంచి "వత్తన్నాను" అని వినబడింది.

కాబట్టి ఆ ఆదివారం అగ్రికో బజారుకి శైలజ రాలేదు.

భీమారావు టీ తాగాడు. ఇంకొకటి తాగాడు. వంకాయలమ్మే ముసలిది బుట్ట ఎత్తేసింది. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాడు. ఊరెళ్ళిందేమో అనుకున్నాడు. కొట్టువాణ్ణి అడగబోయి, ఏమని అడగాలో తెలియక మానేశాడు. ఎండ నడినెత్తికి వచ్చాక, ఖాళీ సంచీతో, లోకం మీద కసితో ఇంటిదారి పట్టాడు.

మెట్ల నిండా చెప్పులున్నాయి. పై గుమ్మం దాకా జనం. అందరూ తెల్లబట్టలు, వెలిసిన చీరలు. జనం ఏ గుమ్మం ముందున్నారో తలెత్తి చూడకుండానే, ఎవరింట్లోనో చావనుకుని భీమారావు వెనక వరసలో నిలబడ్డాడు. చావింట్లో తోసుకుని ముందుకి పోవడం ఆయనకి గిట్టదు.

ఎవరో కొత్తాయన చెవి దగ్గరికి వంగి, "పోయిందెవరండీ?" అని అడిగాడు.

"తెలీదు" అన్నాడు భీమారావు.

"భీమారావంట" అంది ముందున్న ఆడమనిషి వెనక్కి తిరక్కుండా. "పదకొండు రోజులైందంట. ఎవులికీ సెప్పనేదు."

భీమారావు సంచీ చేతులు మార్చుకున్నాడు. లోపలినుంచి బంగారురాజు గొంతు వినిపిస్తోంది. నలుగురూ ఆయన్ని పోయినవాడి గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు కాబోలు.

"మనిషి మంచోడు" అన్నాడు బంగారురాజు. ఆగాడు. "అంటే... చెడ్డోడు కాదు." మళ్ళీ ఆగాడు. చాలాసేపు వెతుక్కున్నాడు. "డూటీకి టయానికొచ్చీవోడు."

జనం తలలూపారు. పాతికేళ్ళ స్నేహంలో మిగిలింది అంతేనని భీమారావుకి అర్థమైంది. అందులో అబద్ధం లేకపోవడమే మరీ గుచ్చుకుంది.

ఇంతలో, అందరూ గది చూడ్డానికే వచ్చారనీ, ఆరేళ్ళకి గడప తొక్కిన ఆడపడుచు సంతోషం పట్టలేక ఏడుస్తోందనీ అనుకున్న అర్పిత, వంటింట్లోంచి నవ్వుముఖంతో రసగుల్లాల పళ్ళెం పట్టుకొచ్చి తిరిగింది. జనం ముఖముఖాలు చూసుకున్నారు. "మావఁ పోతే మిఠాయిలా! ఏటి కాలం వచ్చిందిరా బాబూ" అని బంగారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా తీసుకుంది.

మెట్ల మీదనుంచి సీతారామరావు గారు రొప్పుతూ వచ్చి భీమారావుని భుజంతో నెట్టాడు. "జరగవయ్యా! ఈ ఊళ్ళో నన్ను కాదని కర్మ చేయించినవాడెవడు? ఎవడా పురోహితుడు?" అంటూ లోపలికి దూసుకుపోయాడు. గది గుమ్మం దగ్గర ఆగాడు. మంచం చూశాడు. గొడుగు చూశాడు. లాంతరు చూశాడు. కేకలు ఆపేసి, ఒక మూల గోడకి ఆనుకుని, కొడుకు పింటూకి ఫోను చేయసాగాడు.

ఆయన చేసిన సందులోంచి భీమారావుకి గది కనబడింది. మంచం పక్కన, నేల మీద, మోకాళ్ళు కౌగిలించుకుని శైలజ కూర్చుని ఉంది.

ఆయన అందర్నీ తోసుకుని లోపలికి వెళ్ళాడు.

ముందు చూసినవాడు బంగారురాజు. రసగుల్లా గొంతుకి అడ్డం పడింది. ఒకావిడ కెవ్వుమంది. నలుగురు మెట్లవైపు పరిగెత్తి, ఎవరి చెప్పులో తొడుక్కుని దిగిపోయారు. బంగారమ్మకి మాత్రం భయం కంటే అవమానం ముందొచ్చింది.

"ఏటన్నయ్యా ఇది! బతికున్నోడివి బతికున్నానని ఓ ముక్క సెప్పొద్దా? ఊరంతటికీ ఫోన్లు సేసినాను, నా ముఖం ఎక్కడెట్టుకోను?"

"క్యా హువా?" అంది అర్పిత, పళ్ళెంతో నిలబడి. ఎవరో ఆవిడకి హిందీలో విప్పి చెప్పారు. పళ్ళెం కిందపడింది.

శైలజ లేచి నిలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి. ఆయన్ని పైనుంచి కిందకి చూసింది.

"బతికే ఉన్నావేటి?"

"ఉన్నాను."

"పోనావని కబురొచ్చింది."

"తప్పు కబురు."

"అలాగైతే నాను రాకూడదు" అంది శైలజ. ముక్కు తుడుచుకుని, నేల మీది బ్యాగు తీసుకుంది. "సౌరభ్ కిందున్నాడు. వెళ్తాను."

ఉండమంటే సరిపోతుంది. రెండక్షరాల మాట. గుమ్మంలో సగం ఆదిత్యపూర్ చెవులు రిక్కించి నిలబడి ఉంది. భీమారావు ఆరేళ్ళుగా పళ్ళబిగువున పట్టుకున్న పంతం ఊడమంటే ఊడలేదు. శైలజ గడప దాకా వెళ్ళింది.

ఆయన చెప్పులు విడిచి, తన పేరున వేసిన మంచమెక్కి, వెల్లకిలా పడుకుని, తెల్ల దుప్పటి తలమీదుగా లాక్కున్నాడు.

"అన్నయ్యా, అపశకునం! ఆ మంచమెక్కకూడదు!" అని బంగారమ్మ అరిచింది. సీతారామరావు గారు శాస్త్రం చెప్పబోయి, సామాను ఎక్కడిదని అడుగుతారేమోనని మానుకున్నాడు.

శైలజ వెనక్కి తిరిగింది. "ఏటది?"

"పోనాను" అన్నాడు దుప్పటి కిందనుంచి. "కూకుని ఏడు."

"ఏడుపు రావట్లేదు."

"రాకపోతే ఊరికే కూకో."

శైలజ గుమ్మంలోవాళ్ళ ముఖం మీదే తలుపు వేసి, వచ్చి మంచం కోడుకి వీపు ఆనించి కూర్చుంది. ఆయన వైపు తిరగలేదు.

"అమ్మని దింపినప్పుడు కిందే ఉన్నాను" అంది గోడతో. "పైనుంచి సూసినావు. రమ్మననేదు."

దుప్పటి కదల్లేదు.

ఆవిడ ఇంకా చెప్పింది. ఆరేళ్ళవి. సౌరభ్ చేసిన పొరపాట్లు, తను చేసినవి, నిలవని కడుపు, ఆదివారాలు బజారులో వెనక్కి తిరిగి చూడకుండా వంకాయలు ఏరడం. టీ కొట్టు బల్ల మీద ఎవరుంటారో ఆవిడకి మొదటి వారమే తెలుసు. ఏదీ తియ్యగా చెప్పలేదు, దేన్నీ మాఫీ చెయ్యలేదు. భీమారావు అడ్డం పడలేదు, దబాయించలేదు. చచ్చినవాడికి వినడం తప్ప వేరే పనుండదు. ఆ పని ఆయన జన్మలో మొదటిసారి చేశాడు.

సాయంత్రానికి జనం పలచబడ్డారు. షిఫ్టు దిగి వస్తున్న అమర్‌ని గేటు దగ్గర, సంగతి తెలియక అప్పుడే వచ్చిన నలుగురు కౌగిలించుకుని ఏడ్చారు. అర్పిత కళ్ళు తుడుచుకుంటూ, తలుపు నెట్టి, టీ తెచ్చి కింద పెట్టింది. దుప్పటి అంచు కొంచెం లేచింది. ఒక చెయ్యి బయటికి వచ్చి, కప్పు తడిమి, లోపలికి తీసుకుంది.

పోయినాయన టీలో పంచదార తక్కువైందన్నాడు.